బంగాళాదుంపతో వంటింటి చిట్కాలు, ఇంటి పనులు: ఏది పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది

కూర కుదరకపోతే చాలామంది "ఈసారి దుంపలు బాగాలేవు" అనేస్తారు. ఒక్కోసారి అది నిజమే. ఎక్కువసార్లు మాత్రం కారణం వేరే ఉంటుంది. మెదపడానికి పనికొచ్చే దుంపను పులుసులో వేసి ఉంటారు, లేదా దుంప ఉడకకముందే పులుపు పడి ఉంటుంది, లేదా ముక్కల తడి ఆరకుండానే నూనెలో వేసి ఉంటారు. దుంప లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలిస్తే చిట్కాలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు, సమయానికి వాటంతట అవే తడతాయి. అందుకే ఇక్కడ ప్రతి చిట్కాకూ కారణం కూడా చెబుతున్నాను. ఊరంతా చెప్పుకునే చిట్కాల్లో పనిచేయనివీ ఉన్నాయి, వాటి సంగతీ రాస్తాను.

ముందుగా దుంప లోపలి సంగతి

పచ్చి బంగాళాదుంపలో దాదాపు 79 శాతం నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం స్టార్చ్, అంటే పిండి పదార్థం. 100 గ్రాముల పచ్చి దుంపలో సుమారు 77 కిలోకేలరీలు, 2 గ్రాముల ప్రోటీన్, 20 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి, 420 మిల్లీగ్రాముల చుట్టుపక్కల పొటాషియం ఉంటాయి. వంట కోసం గుర్తుంచుకోవాల్సినవి మాత్రం రెండే. ఒకటి, కణాల లోపలుండే స్టార్చ్ రేణువులు. రెండోది, ఆ కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్.

వేడి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి స్టార్చ్ రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. పెక్టిన్ అంత తొందరగా లొంగదు. 85 డిగ్రీలు దాటాకే అది బాగా కరిగి దుంప మెత్తబడుతుంది. పులుపు తగిలితే పెక్టిన్ ఇంకా మొండిగా నిలబడుతుంది. వంట సోడా తగిలితే త్వరగా విడిపోతుంది. ఈ ముక్క గుర్తుంటే చాలు, కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

1. పనికి తగిన దుంపను ఎంచుకోండి

ప్రపంచంలో వేల రకాల బంగాళాదుంపలున్నా వంట చేసేవాళ్లకు అవి రెండు జాతులే. స్టార్చ్ ఎక్కువ ఉన్నవి ఉడికితే పొడిపొడిగా విడిపోతాయి, వీటిని పిండి రకం అందాం. స్టార్చ్ తక్కువగా, తేమ ఎక్కువగా ఉన్నవి ఉడికినా ముక్క చెదరదు, ఇవి గట్టి రకం. మెదపడానికి, డీప్ ఫ్రైకి, ఓవెన్‌లో కాల్చడానికి పిండి రకం బాగుంటుంది. పులుసు కూరలకు, సలాడ్లకు గట్టి రకం కావాలి.

తెచ్చిన దుంప ఏ రకమో తెలియకపోతే ఉప్పునీటి పరీక్ష చేయండి. రెండు ముప్పావు కప్పుల నీళ్లలో పావు కప్పు ఉప్పు పూర్తిగా కరిగించి దుంపను వేయండి. మునిగితే పిండి రకం, తేలితే గట్టి రకం. స్టార్చ్ ఎక్కువ ఉన్న దుంప బరువైనది, అందుకే మునుగుతుంది. ఒక సంచిలోంచి రెండు మూడు దుంపలు చూస్తే మిగతావాటి సంగతి తెలిసిపోతుంది.

తొక్క వేలితో రుద్దితేనే ఊడిపోతుంటే అవి కొత్త దుంపలు. వాటిలో తేమ ఎక్కువ కాబట్టి వేపుడు అంత కరకరలాడదు. కొనేటప్పుడు చేతికి గట్టిగా, సైజుకు తగ్గ బరువుతో ఉన్నవి తీసుకోండి. ముడతలు పడ్డవి, తడి మచ్చలున్నవి, పచ్చరంగు తిరిగినవి వదిలేయండి.

2. నిల్వ: చీకటి, గాలి, చల్లదనం

వీలైతే 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే చీకటి చోట నిల్వ చేయాలి. అంత చల్లని చోటు చాలా ఇళ్లలో ఉండదు. అలాంటప్పుడు పొయ్యికి దూరంగా, వెలుతురు పడని మూల, గాలి ఆడే బుట్టలోనో గోనెసంచిలోనో గుడ్డసంచిలోనో పెట్టండి. పాలిథిన్ కవర్‌లో మూతికట్టి ఉంచితే చెమ్మ పట్టి కుళ్లిపోతాయి. ముందే కడిగి పెట్టినా అంతే, వండే ముందు కడగండి చాలు. ఉల్లిపాయల పక్కన కలిపి పెట్టకండి, రెండూ త్వరగా పాడవుతాయి. కుళ్లిన దుంప ఒక్కటున్నా పక్కవాటికి అంటిస్తుంది కాబట్టి వారానికోసారి బుట్ట తిరగేసి చూడటం మంచిది.

ఫ్రిజ్ విషయంలో కొంచెం వివరం కావాలి. 4 డిగ్రీల దగ్గర దుంపలోని స్టార్చ్ కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంపను వేయిస్తే లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది, రుచి తియ్యగా ఉంటుంది. ఉడకబెట్టి తినేవాటికి పెద్ద ఇబ్బంది లేదు, వేపుడుకు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టిన దుంప వద్దు.

పచ్చరంగును తేలిగ్గా తీసుకోకండి. వెలుతురు తగిలితే దుంపలో పత్రహరితం తయారవుతుంది, అది హానికరం కాదు. కానీ దాంతోపాటే సోలనిన్ లాంటి విషపదార్థాలు కూడా పెరుగుతాయి. అవి తొక్కలో, కళ్లలో, మొలకల్లో ఎక్కువ. వండితే పోవు. ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళితే వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. కొద్దిగా పచ్చబడితే ఆ భాగాన్ని లోతుగా చెక్కి పారేయండి. సగం దుంప పచ్చగా ఉంటే మొత్తం పారేయండి. తింటుంటే చేదుగా తగిలినా ఆపేయాలి. మొలకలు చిన్నగా ఉండి దుంప గట్టిగానే ఉంటే, మొలకనూ దాని చుట్టూ ఉన్న కంటినీ తవ్వి తీసేసి వాడుకోవచ్చు. మెత్తబడి ముడతలు పడితే వంటకు పనికిరాదు.

3. కోయడం, నల్లబడకుండా చూడటం

కోసిన ముక్కలు గాలి తగిలి ముందు గులాబీ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు, చివరికి నల్లగా మారతాయి. దుంపలోని ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని ఇది. కోసిన వెంటనే చల్లటి నీళ్లలో మునిగేలా వేస్తే గాలి తగలదు. మర్నాటి కోసం ఈ రాత్రే కోసుకోవాలంటే నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజుకు మించి ఉంచితే రుచి, విటమిన్ సి రెండూ నీళ్లలోకి పోతాయి.

ఉడికాక బూడిదరంగు మచ్చలు రావడం వేరే సంగతి. దుంపలోని ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థంతో కలవడం వల్ల ఆ రంగు వస్తుంది. తింటే హాని లేదు. ఉడుకు సగం అయ్యాక ఆ నీళ్లలో కొంచెం నిమ్మరసం పిండితే ఆ మచ్చలు రావు. మొదట్లోనే పిండితే దుంప గట్టిగా ఉండిపోతుంది.

4. ఉడకబెట్టడం

1. దుంపలన్నీ ఒకే సైజువి తీసుకోండి, లేదా ముక్కలు ఒకే సైజులో కోయండి.
2. చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్లలో వేస్తే లోపలికి వేడి చేరేలోపు పైపొర చిదిమిపోతుంది.
3. నీళ్లలో ఉప్పు అప్పుడే వేయండి. ఉడికాక పైన చల్లే ఉప్పు లోపలికి దిగదు.
4. మరగడం మొదలయ్యాక మంట తగ్గించండి. తెర్లకాగుతుంటే ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని విరుగుతాయి.
5. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలకు మరిగాక 10 నుంచి 12 నిమిషాలు, మధ్యరకం నిండు దుంపలకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. కత్తి మొన గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి.
6. వెంటనే నీళ్లు వార్చేయండి. ఆ నీళ్లలోనే వదిలేస్తే చెమ్మ పట్టి చప్పగా తయారవుతాయి.

తొక్కతో ఉడికిస్తే దుంప నీళ్లు తక్కువ పీలుస్తుంది, పొటాషియం, విటమిన్ సి కూడా తక్కువ పోతాయి. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించుకోవాల్సిన వాళ్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకం చెబుతారు. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఎంత తినొచ్చో మాత్రం డాక్టర్‌నే అడగాలి.

పులుసులో ముక్క చెదరకుండా ఉండాలంటే నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఒకటుంది. ముక్కల్ని 60, 65 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచండి. వేలు పెడితే ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేనంత వేడి అది, కానీ మరుగు కాదు. థర్మామీటర్ ఉంటే వేలితో పని లేదు. ఆ వేడిలో దుంపలోని ఎంజైము ఒకటి పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. చల్లార్చి తర్వాత ఎంతసేపు ఉడికించినా అంచులు కరగవు. పెద్ద మొత్తంలో వండి మళ్లీ మళ్లీ వేడిచేయాల్సి వచ్చినప్పుడు ఇది ఎంతో ఆదుకుంటుంది.

పులుపు కూరల్లో టమాటా, చింతపండు, నిమ్మరసం ఏదైనా సరే, దుంప మెత్తబడ్డాకే వేయండి. గంటసేపు ఉడికినా ముక్క పలుగ్గా ఉండిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

5. మెదపడం: జిగురు కాకుండా

మెదిపిన దుంప ముద్ద మృదువుగా రావాలంటే కణాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి, పగలకూడదు. పగిలితే లోపలి స్టార్చ్ బయటికొచ్చి బంకలా సాగుతుంది. అందుకే మిక్సీ, ఫుడ్ ప్రాసెసర్ వాడకండి. వాటి బ్లేడు కణాలను చీల్చేస్తుంది.

ఉడికిన ముక్కల్ని వార్చి, అదే గిన్నెలో సన్నటి సెగ మీద ఒకటి రెండు నిమిషాలు కుదుపుతూ ఆవిరి పోనివ్వండి. తడి ఎంత పోతే పాలు, వెన్న అంత బాగా పడతాయి. వేడిగా ఉండగానే మెదపండి, చల్లారితే స్టార్చ్ బిగుసుకుని ఉండలు కడుతుంది. ముందు వెన్న, తర్వాత వేడి పాలు కొద్దికొద్దిగా కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోస్తే ముద్ద చల్లబడి బరువెక్కుతుంది.

ఒకసారి బంక అయిన ముద్దను మళ్లీ వెనక్కి తేలేం. కొంచెం పిండి, ఉల్లి తరుగు కలిపి బిళ్లలుగా తట్టి పెనం మీద కాల్చుకోండి, ఆ బంకతనం అక్కడ పనికొస్తుంది. ఎక్కువ ఉడికి నీరుగారిన ముక్కల్ని పళ్లెంలో పలచగా పరిచి ఆరనిచ్చి మెదుపుకోవచ్చు.

సూప్ లేదా పులుసు పలచనైతే అందులోని దుంప ముక్కలు రెండు తీసి గరిటెతో మెదిపి మళ్లీ కలపండి. పిండి కలిపితే వచ్చే పచ్చివాసన దీంతో రాదు. రొట్టె పిండిలో కూడా చారెడు మెదిపిన దుంప కలిపితే రొట్టె మర్నాటికీ మెత్తగా ఉంటుంది. దుంపలు ఉడికించిన నీళ్లు ఉప్పు తక్కువగా ఉంటే ఆ పిండి తడపడానికే వాడుకోవచ్చు.

6. వేపుడు, ఫ్రెంచ్ ఫ్రైస్, కాల్చడం

కరకరకు శత్రువు తడి. ముక్కల పైనున్న పొడి స్టార్చ్ రెండో శత్రువు, అది త్వరగా మాడి ముక్కల్ని అంటుకునేలా చేస్తుంది. కోశాక నీళ్లు తేటగా అయ్యేదాకా కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. వెడల్పాటి మూకుడులో ఒకే వరసలో వేయండి. కుప్పగా వేస్తే వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. మెత్తబడటానికి మూత పెట్టాలనుకుంటే మొదటి ఐదారు నిమిషాలే పెట్టి, తర్వాత తీసేయండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది కాబట్టి చివర్లో వేస్తే మేలు.

ఫ్రెంచ్ ఫ్రైస్‌కు రెండుసార్లు వేయించడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఒక్కసారి వేయిస్తే రంగు వచ్చేసరికి లోపల పచ్చిగానో, లోపల ఉడికేసరికి పైన మాడుగానో ఉంటుంది.

1. పిండి రకం దుంపల్ని సెంటీమీటరు మందాన పొడవుగా కోసి, కడిగి, 20 నిమిషాలు చల్లటి నీళ్లలో నానబెట్టండి.
2. లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ వేసి, ముక్కలు మెత్తబడేదాకా, విరగకుండా, 8 నుంచి 10 నిమిషాలు ఉడికించండి. పులుపు వల్ల ముక్క విరిగిపోదు. టైం లేకపోతే ఈ మెట్టు వదిలేయొచ్చు.
3. వార్చి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి.
4. 150 నుంచి 160 డిగ్రీల నూనెలో నాలుగైదు నిమిషాలు, రంగు మారకుండా వేయించి తీసేయండి.
5. అరగంట చల్లారనివ్వండి. ఈ దశలో డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు కూడా.
6. తినే ముందు 180 నుంచి 190 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించి, వేడి మీదే ఉప్పు చల్లండి.

రంగు విషయంలో ఒక హెచ్చరిక. దుంపలోని చక్కెరలు, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం 120 డిగ్రీలకు మించిన వేడిలో కలిసినప్పుడు ఆక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. ఇది జంతువుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలింది. వేయించిన ఆహారంలో ఇది ఉన్నట్టు 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నీళ్లలో నానబెట్టడం వల్ల పైపొరలోని చక్కెర కొంత పోయి ఇది తగ్గుతుంది. బంగారు రంగు రాగానే తీసేయండి, ముదురు గోధుమ రంగు దాకా ఆగకండి. ఉడకబెట్టినవాటితో ఈ బెంగ లేదు, నీళ్ల వేడి అంతదాకా పోదు.

ఓవెన్‌లో ముక్కలు కాల్చేటప్పుడు చక్కటి ఉపాయం వంట సోడా. రెండు లీటర్ల నీళ్లకు అర టీ స్పూన్ సోడా వేసి ముక్కల్ని ఉడికిస్తే పైపొర మాత్రమే మెత్తబడి గరుకు తేలుతుంది. వార్చి గిన్నెలో గట్టిగా కుదిపి, నూనె పట్టించి 220 డిగ్రీల దగ్గర కాల్చండి. ఆ గరుకు పొర అంతా కరకరలాడే పెచ్చు అవుతుంది.

నిండు దుంపను కాల్చేటప్పుడు ఫోర్క్‌తో నాలుగైదు చోట్ల గుచ్చండి. లేకపోతే లోపలి ఆవిరికి పేలొచ్చు, మైక్రోవేవ్‌లో ఇంకా ఎక్కువ. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట పడుతుంది. మైక్రోవేవ్‌లో మధ్యరకం దుంప 5 నుంచి 8 నిమిషాల్లో ఉడుకుతుంది, కానీ తొక్క కరకరలాడదు. ఫాయిల్ చుట్టకండి. చుడితే దుంప కాలదు, ఆవిరికి ఉడుకుతుంది. అసలు ప్రమాదం తర్వాత ఉంది. ఫాయిల్‌లో చుట్టి కాల్చిన దుంపను బయటే వదిలేస్తే, గాలి ఆడని ఆ తేమలో బోటులిజం అనే తీవ్రమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. 1994లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఎల్ పాసోలో ఇలా బయట ఉంచిన ఫాయిల్ దుంపలతో చేసిన వంటకం తిని 30 మంది జబ్బుపడ్డారు. వండిన దుంప ఏదైనా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

పచ్చి దుంపల్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో పెడితే కరిగాక నీరుగారి నల్లబడతాయి. సగం ఉడికించి లేదా మెదిపి దాచుకోండి.

7. ఉప్పు ఎక్కువైన కూరకు దుంప

ఉప్పెక్కువైతే పచ్చి దుంప ముక్క వేసి తీసేయమని అందరూ చెబుతారు. దుంప పులుసును పీల్చేది నిజమే, కానీ ఉప్పును మాత్రమే విడిగా పీల్చదు. అది పీల్చుకునే నీళ్లలోనూ అంతే ఉప్పు ఉంటుంది. గిన్నెలో మిగిలిన పులుసు ఉప్పదనం దాదాపు అలాగే ఉండిపోతుంది. ముక్క తీసేశాక తగ్గిన పులుసుకు బదులు నీళ్లు పోస్తాం కదా, ఉప్పు తగ్గేది ఆ నీళ్లతోనే. కాబట్టి పని సూటిగా చేయండి. ఉప్పు లేకుండా ఉడికించిన దుంపను ముక్కలుగానో మెదిపో కూరలో కలిపి అలాగే ఉంచేయండి, అవసరమైతే నీళ్లూ పోయండి. కూర పెరిగి, ముద్దకు తగిలే ఉప్పు తగ్గుతుంది. తర్వాత కొంచెం పులుపు తగిలిస్తే నాలుకకు ఉప్పు అంతగా తెలియదు.

8. ఇంట్లోనే స్టార్చ్ తీయడం

ఇంటి ఉపయోగాలన్నింట్లోకీ పనికొచ్చేది ఇదేనని నా ఉద్దేశం. ముడతలు పడబోతున్న దుంపలు, చిన్న దుంపలు, ముక్కలు కోశాక మిగిలిన అంచులు దీనికి చక్కగా సరిపోతాయి.

1. దుంపల్ని శుభ్రంగా కడిగి, తొక్క తీసి, సన్నగా తురమండి.
2. తురుమును పల్చటి గుడ్డలో మూటకట్టి, పెద్ద గిన్నెడు చల్లటి నీళ్లలో ముంచి పిండండి. తెల్లటి పాలలాంటి నీళ్లు దిగడం తగ్గేదాకా మూడు నాలుగుసార్లు పిండాలి.
3. ఆ నీళ్లను కదలకుండా అరగంట వదిలేయండి. స్టార్చ్ అడుగున గట్టిగా పేరుకుంటుంది.
4. పైనున్న రంగునీళ్లు మెల్లగా ఒంపేసి, కొత్త నీళ్లు పోసి కలిపి మళ్లీ తేర్చండి. రెండుసార్లు ఇలా చేస్తే తెల్లగా వస్తుంది.
5. పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా ఆరబెట్టి, పొడి చేసి సీసాలో పోసుకోండి. ఏ కాస్త తడి ఉన్నా బూజు పడుతుంది.

పిండిన తురుము పారేయకండి, బిళ్లలుగా తట్టి కాల్చుకోవచ్చు. అసలు తురుముతో బిళ్లలు చేసేటప్పుడల్లా పిండిన నీళ్ల అడుగున తేరిన స్టార్చ్‌ను తిరిగి తురుములో కలిపితే గుడ్డు, మైదా లేకుండానే అంటుకుంటుంది.

కూర చిక్కబడటానికి కప్పు పులుసుకు ఒక టీ స్పూన్ స్టార్చ్‌ను చల్లటి నీళ్లలో కలిపి చివర్లో పోయండి. వేడి పులుసులో నేరుగా వేస్తే ఉండకడుతుంది. చిక్కబడ్డాక ఎక్కువసేపు మరిగిస్తే మళ్లీ పలచబడిపోతుంది, వెంటనే దించండి.

నూలు బట్టలకు గంజి పెట్టాలంటే ఒక టేబుల్ స్పూన్ స్టార్చ్‌ను కప్పు చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న లీటరు నీళ్లలో పోస్తూ కలియబెట్టండి. కాస్త పారదర్శకం కాగానే దించి వడకట్టి, ఎంత బిరుసు కావాలో చూసుకుని నీళ్లు కలుపుకోండి. గంజి పెట్టిన బట్టల్ని నెలల తరబడి పెట్టెలో దాచకండి, స్టార్చ్ కోసం పురుగులు చేరతాయి. ఇదే గంజిని చిక్కగా కాస్తే పిల్లల కాగితం పనులకు జిగురు అవుతుంది. రెండు రోజులకు మించి నిలవ ఉండదు.

9. పిల్లలతో

అచ్చులు వేయడానికి పెద్ద దుంపను ఒకే కోతతో రెండు చేయండి. ముక్క అడుగు సమంగా లేకపోతే అచ్చు సరిగ్గా పడదు. బొమ్మ గీసి, దాని చుట్టూ అర సెంటీమీటరు లోతున చెక్కేయండి. ఆ పని పెద్దవాళ్లే చేయాలి. కోసిన ముఖాన్ని కాగితంతో అద్ది తడి తీయండి, లేదంటే రంగు జారిపోతుంది. చిక్కటి రంగు స్పాంజితో పూసి కాగితం మీద నొక్కండి. అక్షరాలైతే అద్దంలో కనిపించేలా తిరగేసి చెక్కాలి.

దుంపతో కరెంటు ప్రయోగం పిల్లలకు మహా ఇష్టం. జింక్ పూత ఉన్న మేకు ఒకటి, రాగి తీగ ఒకటి, రెంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల దూరం ఉండేలా దుంపలో గుచ్చండి. లోపల అవి తగలకూడదు. ఒక్కో దుంపకు 0.8 నుంచి 0.9 వోల్టు వస్తుంది. చిన్న ఎరుపు ఎల్‌ఈడీ వెలగాలంటే రెండు వోల్టుల దాకా కావాలి. కాబట్టి ఒక దుంపలోని మేకును పక్క దుంపలోని రాగితో కలుపుతూ మూడు దుంపల్ని వరసగా కలపండి. ఎల్‌ఈడీ పొడవు కాలు రాగి వైపు ఉండాలి. వెలుగు మందంగానే ఉంటుంది, గది చీకటిగా ఉంచండి. ఈ శక్తి దుంపది కాదు, కరుగుతున్న జింక్‌ది. దుంప ఆ రెండు లోహాల మధ్య దారి మాత్రమే. అందుకే 2010లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు దుంపను 8 నిమిషాలు ఉడికిస్తే ఆ దారి సుగమమై దాదాపు పదిరెట్లు ఎక్కువ శక్తి వస్తుందని చూపించారు. మీరూ పచ్చిది, ఉడికించింది పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. ప్రయోగం చేసిన దుంపలో లోహం కలిసి ఉంటుంది, తినకూడదు.

టింక్చర్ అయోడిన్ ఒక చుక్క దుంప ముక్క మీద వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది. స్టార్చ్ ఉందని చెప్పడానికి బడి ప్రయోగశాలల్లో చేసే పరీక్ష ఇదే.

10. శుభ్రం చేయడానికి

కత్తికి, పెనానికి పట్టిన లేత తుప్పు మీద సగం కోసిన దుంపకు ఉప్పు అద్ది రుద్దితే పోతుంది. దుంపలోని ఆక్సాలిక్ ఆమ్లం కొద్దిపాటిదే, ఉప్పు గరుకుదనం కూడా సాయం చేస్తుంది. ముఖం జారుడుగా మారితే పలచగా కోసేసి మళ్లీ ఉప్పు అద్దండి. తర్వాత కడిగి, పూర్తిగా తుడిచి, నూనె రాయాలి. లోతుగా తిన్న తుప్పుకు ఇది చాలదు.

అద్దానికి, ఈత కళ్లజోడుకు పచ్చి దుంప ముక్క రుద్ది పొడిగుడ్డతో తుడిస్తే కాసేపు ఆవిరి పట్టదు. బీట్‌రూట్ రంగు అంటిన వేళ్లకూ రుద్దుకోవచ్చు. హోల్డర్‌లో విరిగిన బల్బును దుంప గుచ్చి తిప్పి తీయడం కూడా కుదురుతుంది, కానీ మెయిన్ స్విచ్ కట్టేశాకే. దుంపలో నీరుంది, కరెంటు ప్రవహిస్తుంది. ఇంట్లో పట్టకారు, మందపాటి గ్లౌజులు ఉంటే దుంప జోలికే వెళ్లకండి.

11. ఒంటికి రాసుకోవడం గురించి

చల్లటి దుంప ముక్కలు కళ్ల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయి చల్లదనానిదే, తడిగుడ్డతోనూ వస్తుంది. దుంపరసంతో చర్మం తెల్లబడుతుందనే మాట నమ్మి రోజూ రాసుకోవద్దు. పచ్చి రసం కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. కాలిన గాయం మీద మాత్రం పచ్చి దుంప తురుము ఎప్పుడూ పెట్టకండి, మట్టిలో పెరిగిన దుంప నుంచి గాయానికి ఇన్ఫెక్షన్ సోకుతుంది. కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి కింద చల్లటి నీళ్లు పోయడమే సరైన ప్రథమ చికిత్స.

12. తొక్కలు, నీళ్లు, మొలకలు

పచ్చరంగు లేని, బాగా కడిగిన తొక్కల్ని ఆరబెట్టి నూనెలో వేయిస్తే కరకరలాడే చిరుతిండి. ఉప్పు వేయకుండా దుంపలు ఉడికించిన నీళ్లు చల్లార్చి మొక్కలకు పోయొచ్చు. ఎరువు గుంతలో తొక్కలు వేసేటప్పుడు లోతుగా కప్పండి, కళ్లున్న తొక్కలు అక్కడే మొలకెత్తుతాయి.

మొలకెత్తి వంటకు పనికిరాకుండా పోయిన దుంపను కుళ్లకపోతే నాటుకోవచ్చు. మార్కెట్ దుంపలకు మొలకలు రాకుండా మందు వేసి ఉండొచ్చు, తెగుళ్లూ ఉండొచ్చు. కాబట్టి ఎక్కువగా పండించాలంటే ధ్రువీకరించిన విత్తన దుంపలే మంచివి. ఒకటి రెండు కుండీలకైతే ఇంట్లోవి చాలు. ఒక్కో ముక్కకు కనీసం రెండు కళ్లుండేలా కోసి, కోత మీద పెచ్చు కట్టేదాకా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. కనీసం 30 సెంటీమీటర్ల లోతు, అడుగున రంధ్రాలు ఉన్న కుండీ లేదా గోనెసంచి తీసుకుని సగం దాకా మట్టి నింపి, కళ్లు పైకి ఉండేలా 10 సెంటీమీటర్ల లోతున పెట్టండి. మొక్క జానెడు పెరిగినప్పుడల్లా కాండం చుట్టూ మట్టి ఎగదోయండి. దుంపలు పైకి తేలి ఎండ తగిలితే పచ్చబడతాయి. చల్లటి కాలంలోనే నాటాలి, మట్టి వేడెక్కితే ఆకులు పెరుగుతాయి కానీ దుంపలు ఊరవు. ఆకులు, పూల తర్వాత వచ్చే చిన్న కాయలు విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

రకాన్ని బట్టి 90 నుంచి 120 రోజుల్లో ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. అప్పుడు నీళ్లు ఆపి, రెండు వారాలాగి తవ్వండి. మట్టి దులిపి, కడగకుండా, వెలుతురు పడని గాలి చోట పది రోజులు పరిచి ఉంచితే తొక్క గట్టిపడి నిల్వకు ఆగుతాయి. తవ్వేటప్పుడు గాటు పడ్డవాటిని మాత్రం విడిగా తీసి ముందు వండేసుకోండి.